గణితశాస్త్రం, స్త్రీ, సమాజం: రామన్ పరిమళ కృషి

"ఆడపిల్లకు లెక్కలెందుకు?" అనే ప్రశ్న మన ఇండ్లలో చాలా పాతది. దానికి రెండు రూపాలున్నవి. ఒకటి మొరటు రూపం: ఆడపిల్ల బుర్రకు లెక్కలు ఎక్కవు అనటం. రెండవది నాజూకు రూపం: ఎక్కడో ఒక గొప్ప గణితవేత్త్రిని చూపించి, "చూశారా, ప్రతిభ వుండాలేగాని ఎవరడ్డు?" అనటం. మొదటి వాదాన్ని ఖండించటం తేలిక. చిక్కంతా రెండవదానితోనే. అది స్త్రీని మెచ్చుకుంటున్నట్టే కనిపిస్తుంది. కాని ఆ మెప్పుతోనే, ముందుకు రాలేకపోయిన లక్షలాది స్త్రీల నెత్తిన నేరం మోపుతుంది. వారికి ప్రతిభ లేదు గనుక రాలేదు అని తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటుంది.

మెట్టుగూడలో రైల్వే ఉద్యోగుల పిల్లలకు నేను చాలా ఏండ్లు లెక్కలు చెప్పినాను. పదవ తరగతి వరకు ఆడపిల్లలు మగపిల్లలతో సమంగా వుండేవారు. కొన్ని సంవత్సరాలు వారే ముందు. డిగ్రీ చదువు దాటేసరికి వరస తిరగబడేది. ఒక అమ్మాయి జ్యామితిలో నేను చెప్పిన నిరూపణ విని, మరునాడు తనంతట తాను ఇంకొకటి రాసి తెచ్చింది. అది నాదానికన్న పొట్టిది, నాదానికన్న చక్కనిది. ఇరవై ఏండ్లకు ఆమె తార్నాకలో కూరగాయల బండి దగ్గర కనిపించింది. "అన్నీ మరిచిపోయాను సార్" అని నవ్వింది. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆమెకు ప్రతిభ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మరి ఏది లేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికే, అన్నీ సమకూడిన ఒక జీవితాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఆ జీవితం రామన్ పరిమళగారిది.

పరిమళగారు తెలుగువారు కారు. 1948 నవంబరు 21న జన్మించి తమిళదేశంలో పెరిగినవారు. అయినా ఆమె కృషిలో అతి ముఖ్యమైన ఘట్టం మన హైదరాబాదుతో ముడిపడి వున్నది. ఆ ముడిని విప్పి చూస్తే, ప్రతిభ అనే ఒక్క మాట వెనుక ఎన్ని సంస్థలు, ఎందరి శ్రమ, ఎన్ని పోరాటాలు వుంటవో తెలుస్తుంది.

2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు హైదరాబాదులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ జరిగింది. 1897లో జ్యూరిక్ నగరంలో మొదలైన సభ ఇది. యుద్ధకాలాలు మినహాయిస్తే సాధారణంగా నాలుగేండ్లకొకసారి కూడుతూ వచ్చింది. అంతకుముందు ఆసియాలో క్యోటోలో 1990లోనూ, బీజింగులో 2002లోనూ మాత్రమే జరిగింది. భారతదేశానికి రావటం అదే మొదలు. గణితంలో అత్యున్నతమైనదని పేరున్న ఫీల్డ్స్ పతకాలను ఆ సభలో నలుగురికి ఇచ్చినారు. నలుగురూ పురుషులే. పతకాలు అందజేసిన రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ మాత్రం స్త్రీ. 1936లో ఆ పతకం ప్రారంభమైన నాటి నుంచి 2010 వరకు, అంటే డెబ్బయినాలుగేండ్లలో, అది ఒక్క స్త్రీకి కూడ రాలేదు. ఇరాను దేశానికి చెందిన మర్యం మిర్జాఖానీకి 2014లో వచ్చినప్పుడే ఆ గోడకు మొదటి పగులు పడింది.

అదే సభలో లీలావతి పేరిట ఒక కొత్త బహుమానం మొదలైంది. గణితాన్ని సామాన్యులకు చేరవేసినవారికి ఇచ్చే బహుమానం అది. మొదటిసారి దానిని అందుకున్న సైమన్ సింగ్ కూడ పురుషుడే. ఆయన యోగ్యతను నేను శంకించటం లేదు. లీలావతి పేరును మాత్రం కొంచెం నిదానించి చూడవలసి వున్నది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన అంకగణిత గ్రంథానికి ఆ పేరు పెట్టినాడు. ఆమె ఆయన కుమార్తె అనీ, ముహూర్తం తప్పి పెళ్లి ఆగిపోతే ఓదార్పుగా తండ్రి ఆ గ్రంథం రాసినాడనీ కథ. ఈ కథ 16వ శతాబ్దంలో ఫైజీ చేసిన పారశీకానువాదంలో కనిపిస్తుంది. నిజమో కల్పనో అట్లా వుంచుదాము. గ్రంథంలో లెక్క మీద లెక్క ఆమెను సంబోధించి అడుగుతారు. ఆమె జవాబు ఎక్కడా వినిపించదు. స్త్రీకి గణితంలో మన సంప్రదాయం ఇచ్చిన స్థానం అదే: లెక్క అడగటానికి ఒక ముద్దుపేరు. పెళ్లి తప్పిపోతేనే చదువు అనే భావం కూడ ఆ కథలోనే దాగి వున్నది.

ఆ లీలావతి పేరు మారుమోగిన సభలోనే పరిమళగారు సర్వసభ్య ఉపన్యాసం ఇచ్చినారు. శాఖలవారీగా జరిగే ఉపన్యాసాలు వేరు. సభంతా కూర్చుని వినే ఉపన్యాసం వేరు. ఈ రెండవ గౌరవం అందుకున్న మొదటి స్త్రీ 1932లో ఎమ్మీ నోతర్. రెండవ స్త్రీ 1990లో కారెన్ ఉలెన్‌బెక్. ఆ రెంటి నడుమ యాభైయెనిమిదేండ్లు గడిచినవి. 2010లో హైదరాబాదు వేదిక మీద పరిమళగారితోపాటు ఇరిత్ దినూర్, క్లేర్ వొయిసాన్, మన ప్రాచీన గణితచరిత్ర మీద మాట్లాడిన కిమ్ ప్లాఫ్కర్ కూడ వున్నారు. మహాసభకు ముందు, ఆగస్టు 17, 18 తేదీలలో, గణితవేత్త్రుల అంతర్జాతీయ సదస్సు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగింది. అడిగించుకునే స్థానం నుంచి జవాబు చెప్పే స్థానానికి స్త్రీ వచ్చిన దృశ్యం ఆ ఆగస్టులో మన నగరం చూసింది.

ఇక ఆమె అక్కడికి వచ్చిన దారిని చూద్దాము. 1951 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 8.86 మంది. పరిమళగారికి అప్పటికి మూడేండ్లు నిండలేదు. మద్రాసులో శారదా విద్యాలయ బాలికల ఉన్నత పాఠశాలలో, ఆ తర్వాత స్టెల్లా మేరిస్ కళాశాలలో చదివినారు. రెండూ ఆడపిల్లల చదువుకోసం వెలసిన సంస్థలే. ఇట్లాంటివి లేకుంటే, కూతురిని మగపిల్లల మధ్య కూర్చోబెట్టటానికి జంకే ఎన్నో కుటుంబాల పిల్లలకు చదువు అక్కడితోనే ఆగిపోయి వుండేది. 1970లో ఎం.ఎస్‌సి. ముగించి, పరిశోధనకోసం బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరినారు. ఆర్. శ్రీధరన్ మార్గదర్శకత్వంలో 1976లో బొంబాయి విశ్వవిద్యాలయ డాక్టరేటు పొందినారు.

టాటా పేరు వినగానే అది ఒక పెట్టుబడిదారు దానమని కొందరు అనుకుంటారు. 1945లో దాని పుట్టుకలో ఆ ధనం వున్నమాట నిజం. కాని అది నిలిచి పెరిగింది స్వతంత్ర భారత ప్రభుత్వపు డబ్బుతో. అంటే ప్రజల డబ్బుతో. అక్కడి గణిత విభాగాన్ని కట్టి నిలబెట్టినవారిలో ఇద్దరిని మనం ప్రత్యేకంగా తలచుకోవాలి. ఒకరు మచిలీపట్టణంలో 1920లో పుట్టిన కె. చంద్రశేఖరన్. రెండవవారు అదే సంవత్సరం హైదరాబాదులో పుట్టిన కె.జి. రామనాథన్. రామనాథన్ సికింద్రాబాదు వెస్లీ హైస్కూలులో చదివి, 1940లో హైదరాబాదులోనే బి.ఏ. ముగించి, మద్రాసులో ఎం.ఏ. చేసి, ప్రిన్స్‌టన్ వెళ్లి ఎమిల్ ఆర్టిన్ వద్ద డాక్టరేటు పొంది వచ్చినారు. ఆయనకు ఇష్టమైన విషయాలలో వర్గరూపాలు ఒకటి. ముందుముందు పరిమళగారి జీవితమంతా ఆ వర్గరూపాల చుట్టూనే తిరుగుతుంది.

వర్గరూపం అంటే బెదిరిపోనక్కరలేదు. చరరాశుల వర్గాలను, రెండేసి చరరాశుల లబ్ధాలను మాత్రమే కూర్చి కట్టిన సమాసం అది. దానిని గురించి మొదట పుట్టే ప్రశ్న చాలా సాదా ప్రశ్న. చరరాశులన్నిటికీ సున్న వేస్తే సమాసం విలువ సున్న అవుతుంది; అందులో విశేషం లేదు. అన్నిటికీ సున్న వేయకుండా దానిని సున్న చేయగలమా? మనం నిత్యం వాడే వాస్తవ సంఖ్యలలో రెండు వర్గాలను కలిపి సున్న చేయాలంటే రెండూ సున్నలే కావాలి. మూడు కలిపినా, నూరు కలిపినా అంతే. సంకీర్ణ సంఖ్యలలోనైతే రెండు చరరాశులే చాలు. ఏ వర్గరూపానికైనా సున్న దొరుకుతుంది. అంటే జవాబు సమాసంలో మాత్రమే లేదు. ఏ సంఖ్యల లోకంలో నిలబడి అడుగుతున్నామనేదానిలో కూడ వున్నది.

1897లో హెన్సెల్ అనే జర్మన్ గణితవేత్త ఒక వింత సంఖ్యాలోకాన్ని కనిపెట్టినాడు. ఒక ప్రధాన సంఖ్యను ఎంచుకొని, దానితో ఎన్నిసార్లు భాగింపబడితే అంత చిన్నదిగా సంఖ్యను కొలిచే లోకం అది. వాటిని పి-ఆడిక్ సంఖ్యలంటారు. ఆ లోకంలో చరరాశులు అయిదు వుంటే వర్గరూపానికి తప్పకుండా సున్న దొరుకుతుంది, నాలుగింటితో దొరకకపోవచ్చు. ఇక ఆ లోకం మీద ఒక వక్రరేఖను నిలిపి, ఆ రేఖ మీది ప్రమేయాలనే సంఖ్యలుగా తీసుకుంటే ఎన్ని చరరాశులు కావాలి? తొమ్మిది వుంటే చాలునని, ఎనిమిదే హద్దు అని గణితవేత్తలు చాలాకాలం ఊహించినారు. ఊహించటం వేరు, నిరూపించటం వేరు. హద్దు అనేది ఒకటి వుందని చెప్పటమే చాలాకాలం ఎవరికీ సాధ్యపడలేదు. 1997 ప్రాంతంలో మెర్కుర్యెవ్ 26 అన్నాడు. హాఫ్‌మన్, వాన్ గీల్ దానిని 22కు దించినారు. 1998లో పరిమళగారు, వి. సురేశ్ కలిసి ఒక్కసారిగా 10కి దించినారు. మిగిలింది రెండు మెట్లే. ఆ రెండు మెట్లు దిగటానికి పది సంవత్సరాలపైన పట్టింది. 2010లో వారిద్దరి నిరూపణ "ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్" పత్రికలో అచ్చయింది: ఎంచుకున్న ప్రధాన సంఖ్య 2 కానప్పుడు హద్దు ఎనిమిదే.

ఈ సురేశ్ ఎవరు? పరిమళగారి దగ్గర పరిశోధన నేర్చిన శిష్యుడు. ఈ కృషి సాగిన కాలంలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. 2010 మహాసభలో ఆయన కూడ ఆహ్వానిత ఉపన్యాసకుడే. ఆ విశ్వవిద్యాలయం ఎట్లా పుట్టిందో మన విద్యార్థులు మరువరాదు. 1969లో తెలంగాణా ఉద్యమం, 1972లో ఆంధ్ర ఉద్యమం, ఆ రెంటి దరిమిలా 1973లో ఆరుసూత్రాల పథకం, దాని ఫలితంగా 1974లో ఈ కేంద్ర విశ్వవిద్యాలయం. సరోజినీ నాయుడు కుటుంబపు ఇల్లు "గోల్డెన్ త్రెషోల్డ్"లో అది మొదట అడుగుపెట్టింది. విద్యార్థులు వీధులకెక్కిన రోజులకూ, వర్గరూపాల సిద్ధాంతానికీ ఏమి సంబంధం అని నవ్వవచ్చు. సంబంధం వున్నది. గణితం ఆకాశంలో పుట్టదు. జీతం, గ్రంథాలయం, నల్లబల్ల, పదేండ్లు ఒకే సమస్య మీద కూర్చోనిచ్చే తీరిక — ఇవన్నీ ఎవరో సాధించి పెడితే వచ్చినవే.

పరిమళగారి పేరు ప్రపంచానికి మొదట తెలిసింది మాత్రం ఈ సిద్ధాంతంతో కాదు. అంతకు చాలా ముందు, ఒక "కాదు"తో. 1955లో ఫ్రెంచి గణితవేత్త సెర్ బహుపదులను గురించి ఒక ప్రశ్న వేసినాడు. 1976లో అమెరికాలో క్విల్లెన్, సోవియట్ దేశంలో సుస్లిన్ విడివిడిగా దానికి "అవును" అని జవాబు నిరూపించినారు. వర్గరూపాల విషయంలో కూడ అట్లాంటి జవాబే వస్తుందనుకోవటం సహజం. అదే సంవత్సరం బొంబాయి నుంచి ఇంకా ముప్ఫయి ఏండ్లు నిండని పరిశోధకురాలు, వాస్తవ సంఖ్యల మీద రెండు చరరాశుల బహుపదులలోనే, అట్లా కాదని చూపే ఉదాహరణ ఇచ్చినారు. లోకమంతా ఒక వైపు చూస్తున్నప్పుడు రెండవ వైపు చూడటానికి తెలివి ఒక్కటే చాలదు. తన లెక్క మీద తనకు నమ్మకం వుండాలి. ఆడపిల్లలలో మన చదువులు మొదట చంపేది ఆ నమ్మకాన్నే. ఆ తర్వాత 1995లో ఎవా బేయర్-ఫ్లూకిగర్‌తో కలిసి, సెర్‌దే అయిన మరొక ప్రసిద్ధ ఊహను సాంప్రదాయిక సమూహాలనే పెద్ద తరగతికి నిరూపించినారు. ఇద్దరు స్త్రీలు కలిసి సాధించిన ఫలితం అది.

చరిత్రలో స్త్రీ ఇంత దూరం రావటానికి ఎంత మూల్యం చెల్లించిందో తలచుకుంటేగాని ఈ జీవితపు విలువ తెలియదు. రష్యాలో సోఫియా కోవలెవ్‌స్కయా చదువుకోసం దేశం దాటాలంటే తండ్రి అనుమతో, భర్త అనుమతో కావాలి. అందుకోసం 1868లో పేరుకు మాత్రమే పెళ్లి చేసుకున్నది. బెర్లిను విశ్వవిద్యాలయం తరగతిలోకి రానివ్వకపోతే వయర్‌స్ట్రాస్ ఆమెకు విడిగా పాఠం చెప్పినాడు. 1871లో పారిస్ కమ్యూన్ రోజులలో ముట్టడిలో వున్న నగరానికి వెళ్లి, కమ్యూన్ పక్షాన నిలిచిన అక్క అన్నా దగ్గర వున్నది. 1874లో డాక్టరేటు వచ్చినా స్వదేశంలో తగిన ఉద్యోగం దొరకలేదు, స్టాక్‌హోములో దొరికింది. 1891లో నలభై ఒకటవ ఏట చనిపోయింది. ఎమ్మీ నోతర్ గొటింగెన్‌లో కొన్నేండ్లు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన తరగతులకు పాఠాలు చెప్పవలసి వచ్చింది. 1933లో నాజీలు ఆమెను విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టినారు. వీరిద్దరి దారికి అడ్డుపడినవి బహిరంగమైన చట్టాలు, నిషేధాలు. స్వతంత్ర భారతంలో పరిమళగారి తరానికి అట్లాంటి నిషేధం లేదు. తలుపు తెరిచే వున్నది. తెరిచిన తలుపులోంచి నడవనివ్వనిది మరొకటి వున్నది: కుటుంబ వ్యవస్థ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పరిమళగారి భర్త టాంజానియాలో ఉద్యోగం చేస్తూ వుండేవారు. ఆమె పరిశోధన ఆగిపోకూడదని ఆయన ఆ ఉద్యోగం వదలి బొంబాయి వచ్చినారు. భర్త ఉద్యోగాన్నిబట్టి భార్య మూటలు కట్టుకోవటం మన దేశంలో ఎవరూ వార్తగా చెప్పుకోరు. భార్య పనినిబట్టి భర్త వచ్చినాడంటే చెప్పుకుంటాము. నేనిప్పుడు చెపుతున్నాను గదా! చెప్పుకోవలసి వస్తున్నదంటేనే అది ఎంత అరుదో తెలుస్తున్నది. ఆయనను త్యాగమూర్తిగా కీర్తించటం నా ఉద్దేశం కాదు. ఒక మంచి మనిషి దొరకటం మీద ఒక శాస్త్రం ఆధారపడి వుండటం వ్యవస్థ లోపమని చెప్పటమే నా ఉద్దేశం. ఆ నిర్ణయం వేరొక విధంగా జరిగి వుంటే, 26 నుంచి 8కి దిగిన ఆ మెట్లలో రెండు ఎవరు దిగేవారో!

మరొక లెక్క చూడండి. శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం 1958 నుంచి వున్నది. గణితంలో అది పొందిన మొదటి స్త్రీ 1987లో పరిమళగారు. రెండవ స్త్రీ 2004లో సుజాతా రాందొరై. మూడవ స్త్రీ 2019లో నీనా గుప్తా. అరవై ఏండ్లలో ముగ్గురు. వీరిలో రెండవవారు మొదటివారి శిష్యురాలు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. నల్లబల్ల ముందు ఒక స్త్రీ నిలబడి, తెలియని దానిని తేల్చుతూ వుంటే, బల్లల మీద కూర్చున్న ఆడపిల్లకు ఏ ఉపన్యాసమూ చెప్పలేని సంగతి తెలిసిపోతుంది. ఒక్కరికి దారి ఇస్తే ఇంకొకరు వస్తారు. ఒక్కరిని ఆపితే ఎందరు ఆగిపోయినారో లెక్క కూడ దొరకదు. పరిమళగారు 2005 నుంచి అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవిలో పనిచేసినారు. మన ప్రజల డబ్బుతో పెరిగిన విద్య ఇట్లా సముద్రాలు దాటటం మీద వాదించవచ్చు. కాని ఆమె శిష్యులను ఇక్కడ తయారుచేసిన తర్వాతనే వెళ్లినారనేది ఆ వాదంలో మరువరాదు.

అభ్యుదయవాదులుగా మనం ఒక కఠినమైన ప్రశ్న కూడ వేసుకోవాలి. మంచి పాఠశాల, మద్రాసు నగరం, ఇంగ్లీషు చదువు, బొంబాయి పరిశోధనా సంస్థ — ఈ దారి 1960లలో ఎంతమంది ఆడపిల్లలకు అందుబాటులో వున్నది? అదే కాలంలో తెలంగాణా పల్లెలో కూలి తల్లికి పుట్టిన పిల్లకు బడి ఎంత దూరం? గనుక పరిమళగారి జీవితాన్ని "ప్రతిభ వుంటే ఎవరడ్డు" అనే వాదానికి సాక్ష్యంగా తేవటం అన్యాయం. ఆ జీవితం చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆడపిల్లల బడి, కళాశాల, ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనా సంస్థ, చేరదీసిన గురువు, ఇల్లు కదలివచ్చిన భర్త, హైదరాబాదులో స్థిరంగా పనిచేయగలిగిన సహచరుడు — ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ప్రతిభ తార్నాక కూరగాయల బండి దగ్గర నవ్వి ఊరుకునేది.

మన హైదరాబాదులో 1924లో ఆడపిల్లలకోసం ఉస్మానియా మహిళా కళాశాల మొదలైంది. 1949లో కోఠీలోని పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనంలోకి మారింది. దొరల విందులకు కట్టిన ఆ భవనంలో తరతరాల ఆడపిల్లలు లెక్కలు చేసినారు. 2022లో అది విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టినారు. పాలకుర్తిలో దొరకు ఎదురుతిరిగి తన పంటను, భూమిని కాపాడుకున్న ఐలమ్మకు చదువుకునే వీలే వుండలేదు. పండించిన గింజ ఎవరిదో మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఆ లెక్క తేల్చటానికి ప్రాణానికి తెగించింది. ఆమె పేరున్న విశ్వవిద్యాలయంలో ఐలమ్మ మనుమరాండ్ర వంటి పిల్లలు పరిశోధన దాకా వెళ్లగలగాలంటే పేరు చాలదు. పరిశోధకులకు ఆలస్యం కాని వేతనం కావాలి. వసతి గృహం కావాలి. పెళ్లి అయినా, పిల్లలు పుట్టినా తిరిగి వచ్చి కూర్చునే చోటు కావాలి. ఖాళీలు లేకుండా అధ్యాపకులు కావాలి. ఇవి గణితశాస్త్ర సమస్యలు కావని ఎవరైనా అంటే, గణితశాస్త్రం ఎట్లా తయారవుతుందో వారికి తెలియదన్నమాట.

తార్నాకలో ఆనాడు కనిపించిన నా పాత శిష్యురాలు వెళ్లేముందు ఒక మాట అడిగింది: "మా పాపకు లెక్కలంటే ఇష్టం సార్. ఆదివారాలు తీసుకురానా?" రమ్మన్నాను. ఆ పిల్ల వచ్చింది. తల్లి ఇరవై ఏండ్ల కిందట రాసిన నిరూపణను నేనే ఆ పిల్లకు నేర్పినాను. ఎవరిదో కూడ చెప్పినాను. పిల్ల కాసేపు పలకలేదు. తర్వాత తల్లివైపు తిరిగి, "అయితే నువ్వెందుకు మానేశావమ్మా?" అన్నది.

జవాబు చెప్పవలసింది ఆ తల్లి కాదు. మనం.